వచ్చే గురువారం ఆపరేషన్. నాకు కత్తి కంటే మత్తంటేనే భయం

నీలికాగితం

అందరికీ నమస్తే. నాకు 44 ఏళ్లు. గాల్‌బ్లాడర్‌లో, అదే పిత్తం సంచిలో, రాళ్లున్నాయని వచ్చే గురువారం ల్యాప్రోస్కోపీ పెట్టారు. ఇంతవరకూ నా ఒంటి మీద కత్తి పడలేదు. రెండు కాన్పులూ మామూలుగానే అయ్యాయి. పన్ను పీకించుకున్నప్పుడు చిగురుకి ఇచ్చిన ఇంజెక్షన్ తప్ప మత్తంటే ఎలా ఉంటుందో తెలీదు.

సర్జన్ మంచాయన. కాగితం మీద బొమ్మ గీసి మరీ చూపించారు, నాలుగు చిన్న రంధ్రాలు ఎక్కడ పెడతారో, సంచిని ఎటు నుంచి బయటికి తీస్తారో. దాని గురించి నాకు టెన్షన్ లేదు. కానీ మత్తు సంగతి అడిగితే, "అది మత్తు డాక్టర్ చూసుకుంటారమ్మా, మీకేం తెలీదు, హాయిగా నిద్రపోతారు" అన్నారు. ఆ "మీకేం తెలీదు" అన్న మాటే నన్ను పట్టుకుని వదలడం లేదు. నాకేం తెలీకుండా పోవడమే కదా నా భయం.

నేను బస్సులో కూడా కునుకు తీయను. రాత్రి అందరూ పడుకున్నాక గ్యాస్ కట్టేశానా, తలుపు గడియ పడిందా అని ఒకసారి తిరిగి చూసుకుంటే గానీ పక్క మీదికి చేరను. అలాంటిదాన్ని, ముక్కూ మొహం తెలియని వాళ్ల మధ్య ఒళ్లు తెలియకుండా పడుకోవాలంటే ఎలా?

ఒకటి, తిరిగి లేవకపోతే? రెండు, మధ్యలో మెలకువ వస్తే? కదల్లేక, అరవలేక, జరిగేదంతా తెలుస్తుంటే? ఇలాంటిదే ఒక వీడియో చూసి రెండు రాత్రులు కంటి మీద కునుకు లేదు. మందు ఒక డోసు ఇస్తారు కదా, ఆపరేషన్ అనుకున్నదానికంటే ఎక్కువసేపు పడితే ఆ డోసు అయిపోదా? గొంతులోకి గొట్టం వేస్తారట, అది వేసేటప్పుడు తెలుస్తుందా?

ఇంకొకటి, అడగడానికి మొహమాటంగా ఉంది. మత్తులో మనసులో ఉన్నవన్నీ బయటికి చెప్పేస్తారా?

బీపీకి టెల్మిసార్టాన్ 40 వేసుకుంటాను. షుగర్ లేదు. సోమవారం మత్తు డాక్టర్ దగ్గర చెకప్ ఉంది. అక్కడ ఏం చెప్పాలో, ఏం అడగాలో కూడా రాయండి. దయచేసి "ఏం కాదు, ధైర్యంగా ఉండండి" అని మాత్రం రాయకండి. ఆ మాట ఇంట్లో రోజూ వింటున్నాను. ఏం జరుగుతుందో వరసగా తెలిస్తే నాకు అదే ధైర్యం.

గోధూళి

అక్కా, రెండేళ్ల కింద నాకు థైరాయిడ్ ఆపరేషన్ అయింది, ఫుల్ అనస్థీషియాలోనే. డాక్టర్లు చెప్పాల్సినవి వాళ్లు చెప్తారు. నేను పడుకున్న మనిషిగా గుర్తున్నవి చెప్తాను.

థియేటర్ బాగా చల్లగా ఉంటుంది. ఒంటి మీద పల్చటి గౌను ఒక్కటే కదా, నాకు వణుకు భయం వల్ల వచ్చిందో చలి వల్ల వచ్చిందో తెలీలేదు. దుప్పటి అడగండి, ఇస్తారు. వచ్చిన ప్రతి ఒక్కరూ పేరేంటి, ఏం ఆపరేషన్, ఏ మందులైనా పడవా అని అడిగారు. నాలుగోసారి అడిగేసరికి వీళ్ల దగ్గర నా కాగితాలు లేవా అని కంగారు పడ్డాను. అలా మళ్లీ మళ్లీ అడగడమే వాళ్ల పద్ధతి అని తర్వాత తెలిసింది. ఒకరు పొరబడినా ఇంకొకరు పట్టుకోవడానికి.

ముందు రోజే గోళ్ల రంగు తీసేయండి. నాకు అక్కడికి వెళ్లాక తీయాల్సి వచ్చింది. కాంటాక్ట్ లెన్సులు, ఒంటి మీద లోహం ఏదున్నా ఇంట్లోనే వదిలేయండి.

లేచాక నాకు విపరీతమైన దాహం వేసింది. నీళ్లు వెంటనే ఇవ్వలేదు. దూది తడిపి పెదాలకి అద్దారు. ఆ తడి ఎంత హాయిగా అనిపించిందో ఇప్పటికీ గుర్తే. ఇంకోటి, కారణం లేకుండా ఏడ్చాను. నొప్పీ లేదు, బాధా లేదు, నీళ్లు అలా కారిపోయాయంతే. చాలామందికి అలా అవుతుందని నర్స్ చెప్పింది. మీకూ అయితే కంగారు పడకండి.

తలవైపు కుర్చీ

నీలికాగితం గారూ, నేను మత్తు డాక్టర్‌ని. 19 ఏళ్లుగా ఇదే పని. ఆపరేషన్ జరుగుతున్నంతసేపూ మేం కూర్చునేది పేషెంట్ తల వైపు, అందుకే ఈ పేరు పెట్టుకున్నాను. వరసగా చెప్పమన్నారు కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ముందుగా మీ డోసు సందేహం, ఎందుకంటే మీ భయాలన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. ఒక డోసు ఇచ్చి, అది దిగేలోపు ఆపరేషన్ ముగించేస్తారని చాలామంది అనుకుంటారు. అలా ఉండదు. మొదట చేతి నరంలోకి ఇచ్చే మందు, ఎక్కువగా ప్రొపోఫాల్, అర నిమిషం, ముప్పావు నిమిషంలో పని చేస్తుంది. దాన్ని అలా వదిలేస్తే ఐదు పది నిమిషాల్లో మీరే కళ్లు తెరుస్తారు. రక్తంలోంచి అది అంత తొందరగా ఒంట్లోకి సర్దుకుపోతుంది. కాబట్టి వెంటనే ఊపిరితో పాటు సెవోఫ్లురేన్ లాంటి మత్తు వాయువు మొదలుపెడతాం, లేదా అదే ప్రొపోఫాల్‌ని పంపు మీద ఆగకుండా ఇస్తూ ఉంటాం. కుళాయి తిప్పినంతసేపే నీళ్లు వచ్చినట్టు, ఇస్తున్నంతసేపే మత్తు. ఆపరేషన్ గంట పడితే గంట ఇస్తాం, మూడు గంటలు పడితే మూడు గంటలు. కుట్లు పడుతున్నప్పుడు కుళాయి కట్టేయడం మొదలుపెడతాం. మీరు లేవడం అదృష్టం మీద ఆధారపడేది కాదు. మేం మందు ఆపుతాం, వాయువునైతే ఒళ్లు ఊపిరితో బయటికి పంపేస్తుంది, ప్రొపోఫాల్‌నైతే లోపలే విరగ్గొట్టేస్తుంది, మీరు లేస్తారు.

ఇక గురువారం జరిగేది. టేబుల్ మీద పడుకోగానే ఛాతీ మీద ఈసీజీ స్టిక్కర్లు అంటిస్తారు, చేతికి బీపీ పట్టీ చుడతారు, వేలికి క్లిప్ పెడతారు. ఈ క్లిప్ గురించి రెండు మాటలు చెప్పాలి. రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో సూది గుచ్చకుండా వెలుగుతో కొలిచే ఈ పద్ధతిని 1970ల మొదట్లో జపాన్‌లో టకువో అవోయాగి కనిపెట్టారు. ఈథర్‌తో మత్తు ఇచ్చి బోస్టన్‌లో అందరి ముందూ ఆపరేషన్ చేసింది 1846లో. అంటే వందేళ్లకు పైగా మావాళ్లు పేషెంట్ పెదాల రంగు, నాడి చూసుకుంటూ పని నడిపించారు. రంగు మారింది అని కంటికి కనిపించేసరికి ఆక్సిజన్ అప్పటికే బాగా పడిపోయి ఉండేది. ఇప్పుడు ఆ క్లిప్ మీ గుండె కొట్టుకున్నప్పుడల్లా ఒక బీప్ ఇస్తుంది. ఆక్సిజన్ తగ్గితే ఆ బీప్ స్వరం కిందికి జారుతుంది. నేను మందు తీస్తున్నా, కాగితం మీద రాస్తున్నా, ఆ స్వరం కాస్త దిగితే చాలు, నా తల దానంతట అదే మానిటర్ తెర వైపు తిరుగుతుంది. మీకు తెలియని ఆ గంటంతా మీ ఒంటి సంగతి ఆ శబ్దం నాకు చెబుతూనే ఉంటుంది. థియేటర్‌లోకి వెళ్లాక ఆ బీప్ వినిపిస్తే, వినేవాళ్లు పక్కనే ఉన్నారని గుర్తు తెచ్చుకోండి.

తర్వాత మొహానికి మాస్క్ పెట్టి ఆక్సిజన్ పీల్చమంటారు, మూడు నిమిషాలో ఇంకాస్తో. కొందరికి ఊపిరాడనట్టు అనిపిస్తుంది. అది ఆక్సిజనే, మత్తు కాదు. గొట్టం వేసే వ్యవధిలో ఊపిరితిత్తుల్లో నిల్వ ఉండడానికి. మాస్క్ ఇబ్బందిగా ఉంటే చెప్పండి, మీ చేత్తోనే పట్టుకోనిస్తాం. ఆ తర్వాత ప్రొపోఫాల్. పాల రంగులో ఉంటుంది. ఎక్కేటప్పుడు చెయ్యి మండవచ్చు, కొన్ని సెకన్లే. గొట్టం వేసేది మీరు పూర్తిగా మత్తులోకి వెళ్లి, కండరాలు సడలడానికి మందు ఇచ్చిన తర్వాత. అది వెయ్యడం మీకు తెలీదు. కళ్లు ఎండిపోకుండా రెప్పలు మూసి టేపు వేస్తాం. గొట్టం తీసేటప్పుడు మాత్రం కొందరికి లీలగా గుర్తుంటుంది, దగ్గు వచ్చినట్టు.

మధ్యలో మెలకువ సంగతి దాచకుండా చెప్తాను. అలా జరగడం ఉంది. 2014లో వెలువడిన ఒక అధ్యయనం కోసం బ్రిటన్, ఐర్లండ్ దేశాల్లోని ప్రభుత్వ ఆసుపత్రులన్నిటి నుంచీ వివరాలు తీసుకుంటే, తమంతట తాము వచ్చి "నాకు తెలిసింది" అని చెప్పినవాళ్లు దాదాపు 19,000 మత్తుల్లో ఒకరు. ఆపరేషన్ తర్వాత ప్రతి ఒక్కరినీ కూర్చోబెట్టి గుచ్చి గుచ్చి అడిగిన అధ్యయనాల్లో ఆ సంఖ్య ఇంకా ఎక్కువ, వెయ్యిలో ఒకరో ఇద్దరో. వాటిలో ఎక్కువ భాగం మత్తు ఎక్కే సమయంలోనో, దిగే సమయంలోనో. కొన్ని క్షణాల పాటు మాటలు వినిపించడం, ఎవరో తాకినట్టు తెలియడం లాంటివే ఎక్కువ, నొప్పి తెలిసినవాళ్లు వాళ్లలో తక్కువ. మత్తు బాగా తగ్గించి ఇవ్వాల్సి వచ్చే ఎమర్జెన్సీ సిజేరియన్, గుండె ఆపరేషన్ లాంటి వాటిలో ఈ అవకాశం ఎక్కువ. ముందుగా అనుకుని చేసే గాల్‌బ్లాడర్ ఆపరేషన్‌లో మత్తు వాయువు మీరు వదిలే ఊపిరిలో ఎంతుందో అంకె నా ఎదురుగా కనిపిస్తూనే ఉంటుంది. అది తగ్గితే అలారం మోగుతుంది. ఇంత భయం ఉందని సోమవారం ఆ డాక్టర్‌కి చెప్పండి. మీరు చూసిన ఆ వీడియో సంగతి కూడా. అది వింటే మేం చిన్నబుచ్చుకోం.

లేవకపోవడం గురించి. వేరే పెద్ద జబ్బుల్లేని మనిషికి కేవలం మత్తు వల్ల ప్రాణం పోవడం లక్షలో ఒకటి అనే స్థాయిలో ఉంటుంది. సున్నా అని నేను ఎవరికీ చెప్పను. మందు పడక ఒక్కసారిగా వచ్చే తీవ్రమైన అలర్జీ పదివేలల్లో ఒకరికి రావచ్చు. దానికి మందు చేతికందేలా ఉంటుంది, అందుకే మేం గది వదిలి వెళ్లం.

మనసులో మాటలు బయటపడతాయా అన్నారు. గొట్టం ఉన్నంతసేపూ మాట రాదు. లేచేటప్పుడు ముద్దగా ఏదో అంటారు, ఎక్కువమంది అడిగేది "అయిపోయిందా?" అనే. అడిగి మర్చిపోయి మళ్లీ అడుగుతారు. ఇన్నేళ్లలో రహస్యాలు చెప్పినవాళ్లు నాకు తగల్లేదు. ఒకవేళ ఎవరైనా ఏదైనా అన్నా అది ఆ గది దాటి బయటికి రాదు.

పొట్ట ఖాళీగా ఎందుకుండాలో కూడా తెలుసుకోండి. మత్తులో గొంతు దగ్గరి కాపలా పని చెయ్యదు. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతే చాలా ప్రమాదం. అందుకే తేలికపాటి తిండికి కనీసం 6 గంటలు, నూనె, కొవ్వు ఉన్నదానికి 8, మంచినీళ్లకి 2 గంటల దూరం. పాలు కలిపిన కాఫీ, టీ నీళ్ల కింద రావు, తిండి కింద లెక్క. మీ ఆసుపత్రి వాళ్లు చెప్పిన టైమే మీకు ఖాయం. పొరపాటున ఏమైనా తింటే తిన్నానని చెప్పేయండి. వాయిదా పడితే పడుతుంది.

టెల్మిసార్టాన్ లాంటి మాత్రలు ఆ రోజు పొద్దున ఆపమని మాలో చాలామంది చెప్తాం, మత్తు ఎక్కగానే బీపీ మరీ కిందికి పోకుండా. బీపీకే వాడే మరికొన్ని మాత్రలు మాత్రం ఆపితేనే ప్రమాదం. కాబట్టి ఇక్కడ చదివి మీరే నిర్ణయించుకోవద్దు, డబ్బా తీసుకెళ్లి సోమవారం చూపించండి. ఆయుర్వేదం మందులు, బరువు తగ్గడానికి వేసుకునే ఇంజెక్షన్లు ఉంటే అవి కూడా. ఆ ఇంజెక్షన్ల వల్ల తిన్నది కడుపులో ఎక్కువసేపు నిలిచిపోతుంది. కదిలే పళ్లు, గురక, ఆస్తమా, ఇంట్లో ఎవరికైనా మత్తు సమయంలో జ్వరం విపరీతంగా పెరగడం గానీ, మత్తు దిగాక చాలాసేపు ఊపిరి తీసుకోలేకపోవడం గానీ జరిగి ఉంటే అదీ. నోరు తెరవమంటారు, మెడ వెనక్కి వంచమంటారు. గొట్టం తేలిగ్గా వెళ్తుందా లేదా అని చూసుకోవడానికే.

పొగ మానేసినవాడు

డాక్టర్ గారు రాసినదానికి నా అనుభవం కలుపుతాను. నాకు హెర్నియా ఆపరేషన్. మత్తు చెకప్‌లో "సిగరెట్ అలవాటుందా?" అని అడిగారు. పక్కన నా భార్య ఉంది. మానేశానని ఆమెకి చెప్పి ఏడాదైంది, మానలేదు. లేదన్నాను.

గొట్టం తీశాక నాకు తెరలు తెరలుగా దగ్గు. కుట్లు తెగిపోతాయేమో అన్నంత. గొంతు బిగుసుకుపోయి ఊపిరి లోపలికి వెళ్లని ఆ కొద్ది క్షణాలు నాకు తెలుస్తూనే ఉన్నాయి. నా మొహం మీద మాస్క్ గట్టిగా అదిమి ఎవరో "నెమ్మదిగా, నెమ్మదిగా" అంటున్నారు. సాయంత్రం ఇంటికి వెళ్లాల్సినవాడిని రాత్రంతా ఆక్సిజన్ పెట్టి ఉంచారు. మర్నాడు ఆ డాక్టర్ వచ్చి కోప్పడలేదు. మంచం పక్కన కూర్చుని, "రోజుకి ఎన్ని?" అని మాత్రం అడిగారు. చెప్పాను. "ముందే తెలిస్తే మందులు వేరేగా చూసుకునేవాణ్ణి" అన్నారు.

అబద్ధం చెప్పింది నేను, ఇబ్బంది పడింది ఆయనా, బయట కూర్చున్న నా భార్యా. ఇంట్లోవాళ్ల ముందు చెప్పలేనిది ఏదైనా ఉంటే, సిగరెట్టయినా, తాగుడైనా, ఇంకేదైనా, "ఒక్క నిమిషం ఒంటరిగా మాట్లాడాలి" అని అడగండి. వాళ్లకి ఇది కొత్త కాదు. నెల ముందే మానితే మంచిదట. ఒక్కరోజు మానినా రక్తంలో ఆక్సిజన్‌కి కొంత చోటు మిగులుతుందని ఆయనే చెప్పారు.

రెండోకొడుకు

ఇది మీకు కాదు మేడం, ఆపరేషన్ తర్వాత మతి తికమకపడే ఈ ఇబ్బంది మీ వయసుకి దాదాపు ఉండదు. పెద్దవాళ్లకి ఆపరేషన్ చేయించబోయేవాళ్లు ఎవరైనా చదువుతుంటే వాళ్ల కోసం.

మా నాన్నకి 78. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. మొదటి రోజు బాగానే మాట్లాడాడు. రెండో రాత్రి నన్ను చనిపోయిన మా బాబాయి పేరుతో పిలవడం మొదలుపెట్టాడు. సెలైన్ సూది పీకేశాడు. గోడ మీద ఎవరో నిలబడ్డారన్నాడు. మత్తు వల్ల మెదడు పాడైపోయిందని, ఇక మా నాన్న మాకు దక్కడని, వరండాలో నిలబడి ఏడ్చాను.

మూడో రోజు ఒక నర్స్ నన్ను పిలిచి, "ఈయన కళ్లద్దాలు ఎక్కడ? చెవి మిషన్ ఎక్కడ?" అని అడిగింది. పోతాయని రెండూ నేనే ఇంటికి పంపేశాను. తెప్పించి పెట్టాం. కిటికీ తెర తీయించింది. రోజూ ఒకే మనిషి పక్కన కూర్చుని, ఈరోజు ఏ వారమో, ఎక్కడున్నామో, ఏం ఆపరేషన్ అయిందో పొద్దున్నే చెప్పమంది. రాత్రి దీపాలు తగ్గించింది. నాలుగో రోజు పొద్దున నాన్న నా అసలు పేరుతో పిలిచి, "పేపర్ రాలేదా?" అన్నాడు.

అందరికీ నాలుగు రోజుల్లో తగ్గదు, కొందరికి వారాలు పడుతుందట. జ్వరం, ఇన్ఫెక్షన్, మూత్రం బిగియడం లాంటివి కూడా దీనికి కారణం కావచ్చు కాబట్టి డాక్టర్‌కి వెంటనే చెప్పాలి. కళ్లద్దాలూ చెవి మిషనూ మాత్రం ఇంటికి పంపకండి.

నీలికాగితం

అందరికీ చేతులెత్తి నమస్కారం. నిన్న రాత్రి ఇవన్నీ రెండుసార్లు చదివాను. ఆ కుళాయి మాట పట్టుకుని పడుకున్నాను, నిద్ర పట్టింది.

డాక్టర్ గారూ, ఒక్క ప్రశ్న. నాకు బస్సెక్కితే వాంతులు. చిన్నప్పటి నుంచీ అంతే. ఇది చెప్పాల్సిన విషయమా?

తలవైపు కుర్చీ

తప్పకుండా చెప్పాల్సిన విషయం. మేం నాలుగు చూస్తాం. ఆడవాళ్లా, సిగరెట్ అలవాటు లేనివాళ్లా, ప్రయాణంలో గానీ ఇదివరకు ఆపరేషన్ అయినప్పుడు గానీ వాంతులు ఉన్నాయా, తర్వాత నొప్పికి మార్ఫిన్ జాతి మందులు ఇవ్వాల్సి వస్తుందా. ఇందులో ఏదీ లేకపోతే వాంతి, వికారం వచ్చే అవకాశం నూటికి 10. మూడు ఉంటే 60 దాకా వెళ్తుంది. మీకు మూడు అప్పుడే ఉన్నాయి. తెలిస్తే మత్తులో ఉండగానే ఒకటికి రెండు మందులు ఇచ్చేస్తాం, వాయువు బదులు ప్రొపోఫాల్ పంపు మీదే నడపొచ్చు. వాంతి మొదలయ్యాక ఆపడం కంటే ఇది చాలా తేలిక. సోమవారం మొదటి మాటగా ఇదే చెప్పండి.

నీలికాగితం

ఆదివారం రాత్రి రాస్తున్నాను. గురువారం ఆపరేషన్ అయింది, శుక్రవారం సాయంత్రం ఇంటికి వచ్చాను.

సోమవారం చెకప్‌లో ఆ మత్తు డాక్టరమ్మకి అన్నీ చెప్పాను. బస్సు వాంతులు, వీడియో, గ్యాస్ కట్టేశానా అని చూసుకునే అలవాటు కూడా. రాసుకుంది. టెల్మిసార్టాన్ ఆ రోజు పొద్దున వద్దంది. పొద్దున ఆరింటి దాకా మంచినీళ్లు తాగొచ్చంది. నాకు ఎనిమిదిన్నరకి టైమిచ్చారు.

థియేటర్‌లో నేను మొదట వెతుక్కున్నది ఆ బీప్‌నే. వేలికి క్లిప్ పెట్టగానే మొదలైంది. నా గుండె కదా, పరుగెడుతోంది. ఆమె నా తల దగ్గర నిలబడి, "విన్నారా, మీదే" అంది. సోమవారం నేను చెప్పింది ఆమెకి గుర్తుంది. మాస్క్ నన్నే పట్టుకోమంది. ఎడమ చేతి మణికట్టు పైన సూది ఉన్న చోట చల్లగా మొదలై, మోచేతి దాకా మంట పాకింది. అబ్బా అన్నాను. "ఇదే ఆ మంట, అయిపోతుంది" అంది. పైన దీపాల చుట్టూ ఉన్న అంచు చూస్తున్నాను. అంతే.

నిద్ర లాంటిది కాదండీ అది. నిద్రలో కొంచెమైనా కాలం గడిచినట్టు ఉంటుంది. ఇక్కడ దీపం అంచుకీ, ఎవరో నా పేరు పిలిచి కళ్లు తెరవమనడానికీ మధ్య ఏమీ లేదు. గంటా పది నిమిషాలు పట్టిందట. నేను అడిగిన మొదటి మాట "అయిపోయిందా?" నాలుగుసార్లు అడిగానని మా ఆయన చెప్పారు. వికారం ఒక్కసారి వచ్చింది, వాంతి కాలేదు. వణుకు వచ్చింది, వెచ్చటి గాలి వచ్చే దుప్పటి కప్పారు. గోధూళీ, నేనూ ఏడ్చానమ్మా. నువ్వు చెప్పి ఉండకపోతే నాకేదో అయిందని భయపడేదాన్ని.

గొంతు రెండు రోజులు గరగరలాడింది, ఇప్పుడు లేదు. ఇవాళ స్నానం చేయబోతూ చూసుకుంటే ఎడమ పక్కటెముకల కింద గుండ్రటి స్టిక్కర్ ఒకటి అలాగే ఉండిపోయింది, మధ్యలో చిన్న లోహపు గుండీతో. నాకేమీ తెలియని ఆ గంటసేపూ నా గుండె చప్పుడు పట్టుకుని ఉన్నది ఇదే కదా అనిపించింది. నెమ్మదిగా తీసి, పారెయ్యబుద్ధి కాక, ఆసుపత్రి ఫైల్లో డిశ్చార్జి కాగితానికి అంటించాను.

ఒక్కటే ఇబ్బంది. పొట్ట కంటే కుడి భుజం ఎక్కువ నొప్పిగా ఉంది, పైన మెడ దగ్గర. టేబుల్ మీద చెయ్యి మెలిపడిందా?

తలవైపు కుర్చీ

చాలా సంతోషమండీ. చెయ్యి మెలిపడి ఉండకపోవచ్చు. ల్యాప్రోస్కోపీలో పొట్టని కార్బన్ డయాక్సైడ్‌తో ఉబ్బిస్తారు, లోపల కనిపించడానికి. కొంచెం మిగిలిపోయిన గాలీ, ఆ సాగుడూ కలిసి పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న పొరని రేపుతాయి. ఆ పొర నరం మెడ నుంచి వస్తుంది కాబట్టి నొప్పి భుజంలో తెలుస్తుంది. సాధారణంగా రెండు మూడు రోజుల్లో పోతుంది, కొందరికి వారం. ఇంట్లో అటూ ఇటూ నడవండి, ఇచ్చిన నొప్పి మాత్ర వేళకి వేసుకోండి.

కానీ జ్వరం వచ్చినా, కళ్లు పచ్చబడినా, పొట్ట నొప్పి తగ్గే బదులు పెరుగుతున్నా, ఊపిరి అందకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా, కాలి పిక్క ఒకటి వాచినా రేపటి దాకా ఆగకుండా ఆసుపత్రికి ఫోన్ చేయండి. భుజం సంగతి బుధవారం ఒకసారి ఇక్కడ రాయండి, చూస్తాను.